నిర్మల్ కొయ్యబొమ్మలు

తపాలా బిళ్లపై అచ్చువేసిన కొయ్యబొమ్మలో రంగు, రూపం కనిపిస్తాయి; బరువు తెలియదు. నిర్మల్ బొమ్మ విశిష్టత మాత్రం దాని తేలికదనంలోనే ఉంది.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ 2016లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. పొరుగున కరీంనగర్ వెండితీగ పనికి పేరుపొందగా, ఈ పట్టణం కొయ్యపనికి ప్రసిద్ధికెక్కింది. నిమ్మనాయుడనే పాలకుని పేరిట ఊరు వెలసిందనీ, ఈ కళకు ఆయనే ఆశ్రయమిచ్చాడనీ జనశ్రుతి. ఇక్కడి కళాకారులను నకాషీలంటారు.

బొమ్మకు ఆధారం పొనికి కర్ర. అది మెత్తనిది, ఉలికి సులభంగా లొంగుతుంది. కాళ్లు, చెవులు, కొమ్ములు విడివిడిగా చెక్కి మొండేనికి అతుకుతారు. చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడుస్తారు. ఆరిన పిదప నునుపుచేసి, తెల్లసుద్ద పూసి రంగులు దిద్దుతారు. ఒకప్పటి సహజవర్ణాల స్థానాన్ని తరువాత డ్యూకో రంగులు ఆక్రమించాయి. లేడి, చిలుకల కన్న పండ్లు, కూరగాయలు చేయడమే కష్టమనవచ్చు. నిత్యం చూసే వంకాయలో చిన్న తేడా ఉన్నా కన్ను వెంటనే పట్టేస్తుంది!

2009లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని చెట్టును కాపాడలేదు. కొండపల్లి బొమ్మలకూ కావలసింది ఈ పొనికియే. అడవిలో అది అరుదవుతున్నది. నాటిన మొక్క ఉలికి అందివచ్చేందుకు ఏళ్లు పడుతుంది. అంతవరకు ఆగలేని నకాషీల పిల్లలు వేరే బ్రతుకుతెరువు వెతుక్కుంటున్నారు.