ఎదురుగాలిలో ఎలక్ట్రిక్ సైకిల్

ఆషాఢమాసంలో అనంతపురం పల్లెల్లో సైకిలు తొక్కి చూశారా? మబ్బులు పరుగెడుతుంటాయి. వాన రాదు, గాలి మాత్రం ఆగదు. నైరుతి రుతుపవనాలు తమ నీటిని చాలావరకు పడమటి కనుమల మీదే కురిపించి వస్తాయి. అందుకే ఈ ప్రాంతానికి ఏడాదికి సుమారు 550 మి.మీ. వానే దక్కుతుంది. గాలికి మాత్రం కరువు లేదు. రామగిరి కొండల మీద (2022 నుండి ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి) గాలిమరలను తిప్పేది ఈ గాలే.

పడమటి దిక్కుగా బడికి పోయే విద్యార్థికి ఆ గాలి ఎదురొస్తుంది. ఎలక్ట్రిక్ సైకిల్ ఉంటే కాళ్ల శ్రమ బ్యాటరీ మీద పడుతుంది. దారిలో చార్జి అయిపోతే ఆ బరువు సైకిలును మనమే తొక్కాలి. అందుకని లెక్క తెలుసుకోవడం మంచిది.

బ్యాటరీలో ఎంత శక్తి?

36 వోల్టుల, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో 36 × 10 = 360 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఒక వాట్-గంట అంటే 3,600 జౌళ్లు.

అడ్డుపడే బలాలు

మొదటిది నేల నిరోధం. టైరు అణిగి, మళ్లీ ఉబ్బేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. మట్టిబాటలో నేల కూడా అణుగుతుంది. మనిషి, సైకిలు కలిసి 75 కిలోలైతే ఈ బలం తారురోడ్డు మీద సుమారు 6 న్యూటన్లు, గట్టి మట్టిబాట మీద 15 న్యూటన్లు అనుకుందాం. ఇసుకలో ఇంకా ఎన్నో రెట్లు ఉంటుంది.

రెండవది గాలి నిరోధం. గంటకు 15 కి.మీ. వేగంతో పోతే, గాలి వీయని రోజున ఇది సుమారు 5 న్యూటన్లు. అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే? మనకు తగిలే గాలి వేగం రెట్టింపవుతుంది. అంటే సెకనుకు తగిలే గాలి రెట్టింపు, అది తాకే వేగమూ రెట్టింపు. కాబట్టి నిరోధం నాలుగు రెట్లై 20 న్యూటన్లకు చేరుతుంది.

తిరుగు ప్రయాణంలో లోటు తీరుతుందా?

బడి 6 కి.మీ. దూరంలో ఉందనుకుందాం. పని = బలం × దూరం. పొద్దున తారురోడ్డు మీద 26 న్యూటన్ల నిరోధం. అంటే 1,56,000 జౌళ్లు, దాదాపు 43 వాట్-గంటలు. సాయంత్రం గాలి వెనక నుంచి మన వేగంతోనే వస్తుంది కనుక గాలి నిరోధం సున్న. 10 వాట్-గంటలు చాలు. మొత్తం 53. గాలి లేని రోజైతే రానుపోను 37 చాలు. చూశారా! ఎదురుగాలి పొద్దున తీసుకున్నదంతా సాయంత్రం తిరిగి ఇవ్వలేదు. మోటారులో వేడిగా పోయేది దీనికి అదనం.

చెట్ల మధ్య బాట

అంతే దూరంలో వేప, కానుగ చెట్ల మధ్య గట్టి మట్టిబాట ఒకటి ఉందనుకోండి. చెట్లు గాలిని దాదాపు ఆపేస్తే నిరోధం 15 + 5 = 20 న్యూటన్లే. పొద్దున 33 వాట్-గంటలతో బడి చేరవచ్చు. సాయంత్రం మాత్రం తారురోడ్డే మేలు. అప్పుడు మొత్తం 43. పది వాట్-గంటలు మిగిలాయి! అయితే పల్లేరు ముళ్లు చూసుకోండి. వాన పడి బాట మెత్తబడితే ఈ లెక్క తారుమారవుతుంది.

మీరే చేసి చూడండి

వాహనాలు తిరగని చోట, గాలి లేని వేళ, మామూలు సైకిలును ఒకే వేగంతో తెచ్చి ఒక గీత దగ్గర తొక్కడం ఆపండి. తారు మీద ఎన్ని మీటర్లు పోయింది? మట్టి మీద ఎన్ని? గాలి వీచే రోజున ఎదురుగా ఒకసారి, గాలివాలుగా ఒకసారి చేయండి. కొలతలు నోటుపుస్తకంలో రాసుకొని, మీ బడిదారికి ఏ బాట మంచిదో మీరే తేల్చండి.