చిన్న స్కూల్ డిస్ట్రిక్టులో మన పిల్లలు

అమెరికాలో మారుమూల చిన్న పట్టణాల్లో ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం ఇది. డిస్ట్రిక్టు మొత్తానికి రెండు మూడొందల మందే పిల్లలున్నా చట్టం ఒక్కటే.

స్కూల్లో చేర్చడానికి వీసా కాగితాలు చూపాలా?
అక్కర్లేదు. వలస హోదాను బట్టి పిల్లలకు ఉచిత ప్రభుత్వ విద్య నిరాకరించకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అద్దె లీజు లేదా కరెంటు బిల్లు, వయసు రుజువు, టీకాల రికార్డు తీసుకెళ్ళండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదన్న సాకుతో వెనక్కి పంపకూడదు.

జాతి గడిలో ఏం రాయాలి?
ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. ‘అమెరికన్ ఇండియన్’ అని కనిపించగానే టిక్కు పెట్టేస్తారు. అది అక్కడి ఆదివాసులది, మనది ‘ఆసియన్’. తల్లిదండ్రుల్లో ఒకరు వేరే జాతివారైతే రెండు గడులూ నింపవచ్చు. ఖాళీగా వదిలేస్తే, చూసి అంచనాగా సిబ్బందే నింపుతారు. అంతకంటే మీరే రాయడం మేలు.

ఇంటి భాష తెలుగని రాస్తే పిల్లాణ్ణి వేరుగా కూర్చోబెడతారా?
నిజమే రాయండి. ఇంగ్లీషు పరీక్ష పెట్టి, అవసరమైతేనే సాయం చేస్తారు. ప్రత్యేక తరగతి మీకు నచ్చకపోతే వద్దనవచ్చు.

‘తెలుగు పిల్లాడు ఒక్కడే, వాడి కోసం టీచర్ని ఎక్కడ తెస్తాం?’ అంటే?
ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలకు అనుకూలంగా 1974లో లౌ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అందులో జస్టిస్ బ్లాక్‌మన్, పిల్లలు కొద్దిమందే అయితే తన అభిప్రాయం వేరుగా ఉండవచ్చని విడిగా రాశారు. కానీ అదే ఏడాది వచ్చిన సమాన విద్యావకాశాల చట్టం భాషా అడ్డంకిని తొలగించేందుకు తగిన చర్యలు తీసుకోవాలంది. ఇంతమంది ఉంటేనే అని ఎక్కడా అనలేదు. తెలుగు వచ్చిన టీచరే రానక్కర్లేదు. పాఠం అర్థమయ్యే ఏర్పాటు మాత్రం జరిగి తీరాలి. స్కూలు సమావేశాల్లో మీకు దుబాసీ కావాలన్నా అడగండి. పిల్లాడి చేత అనువాదం చేయించడం సరికాదు.

స్కూలు ఫలితాల్లో ఆసియన్ల ఎదురుగా అంకె బదులు చుక్కగుర్తు ఎందుకు?
ముగ్గురే ఉంటే ఎవరి మార్కులో ఊరందరికీ తెలిసిపోతాయి. అందుకే దాస్తారు. మీ బిడ్డ మార్కులు మీకు చూపాల్సిందే.

వివక్ష ఎదురైతే?
స్కూలు ఏదైనా నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి సాధారణంగా 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. ఊరు చిన్నది, మొహమాటం అనుకుని గడువు దాటనివ్వకండి.