తల్లి మనస్సు – శరీర వ్యాయామము

కాన్పు స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటలోని భయమంతయు శరీరమును గూర్చినదే. జ్వరము వచ్చినదా, పాలు పడినవా అని ఇంటిల్లిపాదియు ఆరా తీయుదురు. బాలింతరాలి మనస్సెట్లున్నదని అడుగువారు మాత్రము అరుదు. ఆ మనస్సునకు శరీర వ్యాయామము ఎంతవరకు తోడ్పడగలదో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ప్రసవమైన మూడు నాలుగు దినములకు చాలమంది తల్లులకు కారణము తెలియని ఏడుపు, చిరాకు కలుగును. హార్మోనులు ఒక్కసారిగా తగ్గుట, నిద్రలేమి ఇందులకు ముఖ్య కారణములు. సాధారణముగా ఇది రెండు వారములలో తానే తొలగును. అటుపిమ్మటను దిగులు వదలక, దేనియందును ఆసక్తి లేక, తాను పనికిరాని తల్లినను భావము పీడించుచున్నచో అది కుంగుబాటు కావచ్చును. గర్భిణిగా ఉన్నప్పుడే ఇది ఆరంభమగుటయు కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము వర్ధమాన దేశములలో గర్భిణులలో 15.6 శాతము, ప్రసవించినవారిలో 19.8 శాతము మంది మానసిక రుగ్మతకు, ముఖ్యముగా కుంగుబాటునకు, లోనగుచున్నారు. అనగా బాలింతలలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు. వీరిని మనము "మొండిది", "పొగరుబోతు" అని నిందించి ఊరకుందుము.

2020లో ఆ సంస్థయే వెలువరించిన సూచనల ప్రకారము, వైద్యపరమైన అభ్యంతరము లేని గర్భిణులు, బాలింతలు వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యస్థమైన వ్యాయామము చేయవలెను. దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు నడచిన చాలును. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగము తగినది. అలవాటు లేనివారు పది నిమిషములతో ఆరంభించి క్రమముగా పెంచుకొనవచ్చును. నడకవలన నిద్ర కుదురును, ఆందోళన తగ్గును. తోడుగా ఒకరున్నచో ఒంటరితనమును తీరును.

ఇంటి చాకిరి చాలదా యని కొందరడుగుదురు. ఇష్టపడి చేయు వ్యాయామమునకు మనస్సుతో గల మేలైన సంబంధము ఇంటి చాకిరి విషయమున అంతగా కనబడుట లేదు. పొలములో దినమంతయు వంగి నాట్లు వేయు గర్భిణికి కావలసినది మరింత శ్రమ కాదు, విశ్రాంతి.

ముస్లిం కుటుంబములలో చిల్లా నలువది దినములు, హిందూ కుటుంబములలో పురుడు, పత్యము ఆచారములు. తల్లికి విశ్రాంతి, తోడు కల్పించుటచే ఇవి మేలైనవే. అయితే వెలుతురు లేని గదిలో ఒంటరిగా ఉంచుట విశ్రాంతి కానేరదు. ఆచారమునకు భంగము లేకుండనే ఇంటి ముంగిట మెల్లగా నడువవచ్చును. శస్త్రచికిత్సతో కాన్పు అయినవారు వైద్యుల సలహా మేరకే వ్యాయామము పెంచవలెను.

ఎండవేళ నడువరాదు, నీరు త్రాగుట మరువరాదు. గర్భిణులు తొలి మూడు నెలల తరువాత వెల్లకిల పరుండి చేయు వ్యాయామములు మానవలెను. రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, ఛాతీనొప్పి, తలతిరుగుట కనబడినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

వ్యాయామము చికిత్సకు తోడేగాని బదులు కాదు. కుంగుబాటును కనిపెట్టుటకు 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలే కలవు. చివరిది తనకు తాను హాని చేసికొను తలంపును గూర్చినది. అట్టి తలంపు గాని, బిడ్డకు హాని చేయు తలంపు గాని ఉన్నచో ఆమెను ఒంటరిగా విడువక, క్షణమైన జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022లో ఆరంభమైన టెలి మానస్ ఉచిత సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్ళు సలహా నొసగును.

కళాశాల పాలకవర్గమువారు ఏటేట ఒక వైద్యురాలిచే ఈ విషయమున ప్రసంగము చేయించి, ముఖ్య సూచనలను ఉర్దూ తెలుగు భాషలు రెంటను అచ్చువేయించిన మేలగునని మా మనవి. విద్యార్థి సోదరులకును ఒక మాట. ఇంట అక్కయో వదినయో బాలింతగా ఉన్నచో, బిడ్డను అరగంట మీరెత్తుకొనుడు. ఆమె నడచి వచ్చిన పిదప "మనస్సెట్లున్నది?" అని అడిగి, బదులు చెప్పువరకు ఆగుడు.