మీ పిల్లలు కథ రాశారా? ఎక్కడికి పంపాలంటే...



మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగులో తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి ఒకరు లాంగ్ నోట్‌బుక్ నా ముందు పెట్టారు. "రాత్రిళ్లు కూకోని కథలు రాస్తంది టీచర్. మాన్పించీమంటారా, ఎక్కడికైనా పంపమంటారా?" అని అడిగారు. పంపమనే చెప్పాను. ఇంకొందరికీ పనికొస్తుందని వివరంగా ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పే సబ్జెక్టు ఇంగ్లిష్. అయినా ఆ కథలను తెలుగులోనే ఉండనివ్వమన్నాను. తాతతో తెలుగులో మాట్లాడే పిల్ల తాత గురించి ఇంగ్లిష్‌లో రాస్తే సగం మాటలు దారిలోనే జారిపోతాయి.

మన యాస పత్రికల్లో చెల్లుతుందా అని సందేహించకండి. చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు గారు ఉత్తరాంధ్ర మనుషులనూ మాటలనూ కథల్లోకి తెచ్చినవారే. రామారావు గారు మన జిల్లా మురపాకలో పుట్టారు, విశాఖలో బడిపంతులుగా పనిచేశారు. 1995లో 'యజ్ఞంతో తొమ్మిది' పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తర్వాత 1997లో ఆయన శ్రీకాకుళంలో 'కథానిలయం' ప్రారంభించారు. తెలుగు కథలు, అవి అచ్చయిన పాత పత్రికలు అక్కడ భద్రపరుస్తున్నారు. కథలు పంపే చోటు కాదది, చదివే చోటు. పలాస నుంచి రైలెక్కి ఆమదాలవలసలో దిగితే అక్కడి నుంచి శ్రీకాకుళం దగ్గరే. ఒక్క సెలవురోజు పిల్లల్ని తీసుకెళ్లండి.

ఏం రాయాలో పిల్లలకు మనం చెప్పనక్కర్లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'లో ఉన్నదేమిటి? ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, ఒక తుఫాను రాత్రి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు జీడితోటలు, కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో మన పిల్లలు చూశారు, లేదా ఇంట్లో విన్నారు. ఆ నోట్‌బుక్‌లో డయాలసిస్‌కు వెళ్లే తాత కథ కూడా ఉంది. ఇంటి గుట్టు బయటపడుతుందేమోనని ఆ తల్లి భయం. ఆ భయం న్యాయమైనదే. పేర్లు, ఊరు, చుట్టరికం మార్చేయమన్నాను. ఆటోలో తాత ఒళ్లో పెట్టుకునే రిపోర్టుల సంచి మాత్రం ఉంచమన్నాను.

ఇక పంపడం. చిన్నపిల్లల కథలైతే దినపత్రికల పిల్లల పేజీలతో మొదలుపెట్టండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పెద్దల కథలాంటిది రాస్తే ఈనాడు, ఆంధ్రజ్యోతి, సాక్షి ఆదివారం సంచికలు ఉన్నాయి, స్వాతి ఉంది. నెట్‌లో సారంగ, సంచిక, 1998 నుంచి ప్రవాసాంధ్రులు నడుపుతున్న ఈమాట ఉన్నాయి. కథ ఎంత నిడివి ఉండాలో, ఏ చిరునామాకు పంపాలో ఆ పత్రికలోనే చూసుకోవాలి. అంతకన్నా ముందు అందులో వచ్చిన కథలు నాలుగైనా చదివించండి. హాస్యకథలు వేసే చోటికి తాత కథ పంపితే పోస్టు ఖర్చు దండగ.

ఒక కథను ఒకసారి ఒక్క పత్రికకే పంపాలి. యూనికోడ్‌లో టైపు చేయించి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. కథతోపాటు హామీపత్రం జతచేయాలి: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని. ఫోన్‌లో ఏఐ చేత రాయించి ఆ కాగితం మీద సంతకం పెడితే అబద్ధమే అవుతుంది. మీరు అక్షరదోషాలు దిద్దండి, చాలు. ముగింపు మార్చి నీతి అతికించకండి. మనకు, ముఖ్యంగా మా టీచర్లకు, ఆ జబ్బు కొంచెం ఎక్కువ!

జవాబు నెలల తరబడి రాకపోవచ్చు. చాలాసార్లు అసలు రాదు. పత్రిక చెప్పిన గడువు దాటాక ఒక్క మెయిల్ పెట్టి, అప్పుడు ఇంకోచోటికి పంపండి. ఈలోపు రెండో కథ రాయనివ్వండి. పరీక్షల నెలలో మాత్రం నోట్‌బుక్ బీరువాలో పెట్టమని నేనే చెప్పాను.

"మీ కథ ఎంపికైంది, సంకలనంలో వేస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం, ఇంత కట్టండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే కట్టకండి. మంచి పత్రిక ఏదీ కథ వేయడానికి డబ్బు అడగదు. కొన్ని పత్రికలే చిన్న పారితోషికం ఇస్తాయి. అందుకని ఫోన్ నంబరు, మెయిల్, బ్యాంకు వివరాలు పిల్లలవి కాకుండా మీవే ఇవ్వండి. హామీపత్రం మీద పిల్లల సంతకం కింద మీ సంతకం కూడా పెట్టండి.