పిల్ల చెప్పిన రోజు మనం ఏం చేస్తున్నాం?



మన కోనసీమలో టెన్త్ దాటిన ఆడపిల్ల చదువుకోవాలంటే చాలా ఊళ్ళ నుండి బస్సో ఆటోనో ఎక్కవలసిందే. అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీలకు లంక గ్రామాల నుండి కూడా పిల్లలు వస్తున్నారు. అలా వెళ్ళే పిల్ల ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, ఫలానా ఆయన నాతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడు" అని చెప్పిందనుకుందాం. చాలా ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట "రేపటి నుండి కాలేజీకి వెళ్ళకు" అని. రెండవది "ఎవరితోనూ అనకు" అని. ఆ తరువాత సంబంధాలు చూడడం మొదలవుతుంది. తప్పు చేసినవాడు మాత్రం మర్నాడు కూడా అక్కడే ఉంటాడు.

తల్లిదండ్రులు భయంతోనే అలా చేస్తారు, పిల్ల మీద కోపంతో కాదు. అది మాకు తెలుసు. అయితే అదే ఇంట్లో చెల్లెలు కూడా ఇదంతా చూస్తూ ఉంటుంది. నోరు విప్పితే చదువు పోతుందని ఆ చిన్నదానికి ఆ రోజే అర్థమవుతుంది. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదే?" అని తరువాత మనం అడుగుతాం.

లైంగిక వేధింపు అంటే మీద చెయ్యి వేయడం ఒక్కటే కాదు. చెడు ఉద్దేశంతో మాట్లాడడం, అడగరానిది అడగడం, అశ్లీల చిత్రాలు చూపించడం లేదా ఫోనులో పంపడం, మార్కులు వేస్తాననో ఉద్యోగం తీసేస్తాననో లొంగదీసుకోవడం, ఇవన్నీ చట్టం దృష్టిలో వేధింపులే. దీన్ని "ఈవ్ టీజింగ్" అనడం మాకు నచ్చదు. అదేదో సరదాగా ఏడిపించడం అన్నట్లు వినిపిస్తుంది.

చిన్నపిల్లలకు ఈ మాటలేవీ రావు. వాళ్ళ శరీరమే చెబుతుంది. బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి, తలనొప్పి, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, నిద్రలో ఉలిక్కిపడడం, ఒక మనిషి పేరు చెబితేనే ముడుచుకుపోవడం. వీటికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కానీ పరీక్షల్లో ఏమీ తేలనప్పుడు "దొంగ నొప్పులు" అని కొట్టి బడికి పంపకండి. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని డీఏవీ పబ్లిక్ స్కూల్‌లో 2022 అక్టోబరులో బయటపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళ ఎల్.కె.జి. పాప మీద ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అఘాయిత్యం చేశాడు. పాపలో వచ్చిన మార్పు చూసి తల్లిదండ్రులు ఆరా తీశారు, పోలీసుల దగ్గరకు వెళ్ళారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆ డ్రైవరుకు 20 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. అంటే ఆరు నెలల్లో తీర్పు వచ్చింది. "కోర్టుకు వెళితే పిల్ల ముసలిదైపోతుంది" అనేవాళ్ళు ఈ కేసు తెలుసుకోవాలి. ప్రతి కేసూ ఇంత త్వరగా తేలుతుందని మేము చెప్పడం లేదు.

18 ఏళ్ళలోపు పిల్లలందరికీ, మగపిల్లలతో సహా, 2012 నుండి పోక్సో చట్టం ఉంది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. తీసుకోవాలి. ఆమె యూనిఫాంలో ఉండకూడదు. పత్రికలవాళ్ళు బిడ్డ పేరు, ఊరు, బడి బయటపెట్టకూడదు. పరువు పోతుందని భయపడే వారికి ఈ సంగతులు తెలియాలి.

ఇక రాజీల సంగతి. ఊరి పెద్దలు, ఒక్కోసారి సంఘ పెద్దలు కూడా, మంచి ఉద్దేశంతోనే ఇరుపక్షాలనూ కూర్చోబెడతారు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడు పదిహేనేళ్ళ విద్యార్థినితో అసభ్యంగా ప్రవర్తించాడని కేసు పెట్టారు. తరువాత తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు ఆ కేసు కొట్టివేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, కేసు నడవాలని చెప్పింది. ఇటువంటి నేరం రెండు కుటుంబాల మధ్య తగాదా కాదని దీని భావం. పైగా విషయం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం పోక్సో ప్రకారం నేరం. బడి, హాస్టలు, ఆస్పత్రి వంటి సంస్థల అధిపతి తన కిందివారి సంగతి దాచిపెడితే ఏడాది వరకు జైలు. సండే స్కూలు నడిపే మనకు కూడా ఈ బాధ్యత ఉంది.

పనిచేసే స్త్రీల విషయానికి వస్తే, ఈ చట్టం ఒక పల్లెటూరి స్త్రీ కష్టం నుండి పుట్టింది. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామ కార్యకర్తగా ఉన్న భన్వరీదేవి 1992లో ఒక పసిబిడ్డ పెళ్ళిని ఆపబోయింది. ఆ కక్షతో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె తన ఉద్యోగం చేయడం వల్లనే ఆ ఆపద వచ్చింది. దానిపై స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1997లో "విశాఖ" తీర్పు వచ్చింది. విశాఖ అనేది ఆ సంఘాల్లో ఒకదాని పేరు, మన విశాఖపట్నానికి సంబంధం లేదు. ఆ తీర్పే 2013లో చట్టమైంది.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఒక అంతర్గత కమిటీ ఉండాలి. దానికి స్త్రీయే అధ్యక్షురాలు. బయటి సభ్యులు ఒకరు ఉండాలి. కాలేజీలు, ఆస్పత్రులు కూడా ఇందులోకి వస్తాయి. నర్సులు, ఆయాలే కాదు, వైద్యానికి వచ్చిన స్త్రీ కూడా సిబ్బందిపై ఫిర్యాదు ఇవ్వవచ్చు. మాలాంటి మిషన్ ఆస్పత్రికి మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా.

మరి బట్టల షాపులో నలుగురితో పనిచేసే అమ్మాయి, చిన్న పీచు ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళే అక్క, ఇళ్ళల్లో పనిచేసే తల్లి ఎక్కడికి వెళ్ళాలి? వారికోసం ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ ఉండాలని చట్టం. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది కాబట్టి కాకినాడ వరకు వెళ్ళనవసరం లేదు, అమలాపురం కలెక్టరేట్‌లో అడగవచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. రాయడం రానివారికి రాయడంలో కమిటీయే సాయం చేయాలి. విచారణ సాగుతుండగా ఆమెకు సెలవు గాని, ఇద్దరిలో ఒకరికి బదిలీ గాని అడగవచ్చు. ఆమె కోరితే తప్ప రాజీ ప్రయత్నం చేయకూడదు. ఆ రాజీలో కూడా డబ్బు మాట ఉండకూడదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆమెను శిక్షించరు.

అత్యాచారం జరిగినప్పుడు ఆస్పత్రికి రావడం ఆలస్యం చేయకండి. ఎఫ్.ఐ.ఆర్. ఉంటేనే చూస్తామని ఏ ఆస్పత్రీ అనకూడదు. ప్రభుత్వ ఆస్పత్రయినా, ప్రైవేటుదయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకు తెలియజేయాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. స్నానం చేయకుండా, బట్టలు మార్చకుండా వస్తే సాక్ష్యాలు దొరుకుతాయి. బట్టలు మార్చి ఉంటే వాటిని ఉతకకుండా కాగితం సంచిలో పెట్టి తెండి, ప్లాస్టిక్ కవరు వద్దు. స్నానం చేసేసినా సరే, రండి. పరీక్షకు ఆమె అనుమతి తీసుకోవాలి, చిన్నబిడ్డ అయితే తల్లిదండ్రుల అనుమతి. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి. ఒకప్పుడు చేసే "రెండు వేళ్ళ పరీక్ష" చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఎవరైనా చేస్తామంటే వద్దని చెప్పండి.

పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181, అత్యవసరమైతే 112. డబ్బు ఖర్చు లేదు. ఈ మూడు నంబర్లూ పిల్లల పుస్తకం అట్ట వెనుక రాసి పెట్టండి, మగపిల్లల పుస్తకాల మీద కూడా.