జిగురు – దాని ఉపయోగాలు

జిగురు అనగా అంటుకొనే గుణం. అంటించే పదార్థం కూడా. చెట్టునుండి స్రవించే జిగురును తెలుగులో బంక అనీ, ఉర్దూలో గోంద్ అనీ అంటాము. మన కోయిలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి గట్లపై నల్లతుమ్మ చెట్లను చూస్తూనే ఉంటాము. బెరడుకు గాయమైన చోట ఊరే ద్రవం గాలికి గట్టిపడి బంక అవుతుంది. చెట్టుకు అది గాయాన్ని మూసే కట్టు. మనకు అతికించే సాధనం. నీటిలో కరిగిన బంక కాగితపు పీచులలోకి ఇంకి, తడి ఆరగానే రెండు కాగితాలనూ పట్టి ఉంచుతుంది.

పూర్వం వడ్రంగులు పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురును వాడేవారు. ఉర్దూలో దానిని సరేష్ అంటారు. కొండపల్లి బొమ్మల భాగాలను చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పుస్తకాలకు అట్టలు కట్టేవారు మైదాపిండిని ఉడికించి, పురుగు పట్టకుండా కొద్దిగా మైలుతుత్తం కలుపుతారు. అది విషం గనుక ఆ గిన్నెను వంటకు వాడరాదు.

ఉర్దూ గ్రంథం కుడినుండి, తెలుగు గ్రంథం ఎడమనుండి తెరుచుకుంటాయి. రెండింటి అట్టలనూ నిలిపేది ఆ మైదా జిగురే. విద్యార్థి మిత్రులారా! గ్రంథాలయ పుస్తకంలో పుట ఊడితే పారవేయవద్దు. పారదర్శకపు టేపు అంటించవద్దు, అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి కాగితాన్ని చెరుపుతుంది. ఊడిన పుటను పుస్తకంతోపాటే అప్పగించండి. మనం చదివి ఇచ్చిన పుస్తకాన్నే వచ్చే ఏడు మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవవలసి ఉన్నది.