చుక్కాని చప్పుడు – దాని కారణములు

యాకోబు తన పత్రిక 3వ అధ్యాయమున, గొప్ప యోడలను సయితము మిక్కిలి చిన్న చుక్కాని త్రిప్పుననియు, నాలుకయు నట్టిదే యనియు బోధించెను. చుక్కానికిని దానిని నడుపు చేతికిని నడుమనున్న సాధనములు చెడినచో, ఆ దోషమును చప్పుడును బట్టి కనుగొను విధమును ఈ పాఠమున విచారింతము.

1960, 1970 దశాబ్దములలో అమెరికాయందు ఫైబరుగ్లాసుతో అనేకమైన తెరచాప పడవలు కట్టబడెను. వానిలో పెక్కు నేటికిని సముద్రముపై తిరుగుచున్నవి. వీనిలో చాలవాటియందు, నావికుడు చక్రమును త్రిప్పగా దాని యిరుసునందలి పండ్లచక్రము గొలుసును లాగును. గొలుసు కొనలకు ఉక్కుతీగల త్రాళ్లు కట్టబడియుండును. అవి గిలకల మీదుగా పోయి, చుక్కాని కాడకు బిగించిన చాపాకారపు లోహఖండమును ఇటునటు లాగును. కాడ బేరింగులలో తిరుగును. వీనిలో నేది యెండినను, అరిగినను, వదులైనను చప్పుడు పుట్టును.

మొదట చేయవలసినది వినుట. పడవను రేవున కట్టి, ఒకరు చక్రమును మెల్లగా త్రిప్పుచుండగా, మరియొకరు దీపముతో పడవ వెనుక భాగమున దిగి చెవి యొగ్గవలయును. వ్రేళ్లను త్రాళ్లకును గిలకలకును దూరముగ నుంచవలయును. పిదప త్రాళ్లను విప్పి, ఆపత్కాలమునకై యుంచిన పిడిని కాడకు తగిలించి చుక్కానిని త్రిప్పవలయును. అప్పుడును చప్పుడు వచ్చినచో దోషము కాడవైపున నున్నది. రానిచో చక్రమునందో, గొలుసునందో, గిలకలయందో వెదకవలయును.

కీచుమను ధ్వని సాధారణముగ నెండిన యిరుసునుండి వచ్చును. శుభ్రపరచి కొంచెము నూనె వేసిన చాలును. త్రాడు గిలక గాడికి సూటిగా రాక ప్రక్కను రాచుకొన్నచో గరగర వినబడును; గిలక క్రింద లోహపు పొడి రాలియుండును. అట్టి గిలకను సరియైన వరుసకు త్రిప్పి బిగింపవలయును. అలలకు చుక్కాని టకటక కొట్టుకొన్నచో, బేరింగులు అరిగియుండును, లేదా ఖండమును కాడకు బిగించు చీలలు వదులై యుండును. మూలుగుతో చక్రము బరువుగ తిరిగినచో, నైలాను బేరింగులు నీటిని పీల్చి ఉబ్బియుండవచ్చును.

ఉక్కుత్రాటిని వట్టిచేతితో తడవరాదు. గుడ్డతో పొడవునా తుడువగా, పోగులు చిక్కుకొన్న చోట తీగ తెగియున్నదని గ్రహింపవలయును. ఒక్క తీగ తెగినను త్రాటిని మార్చవలయును.

కొందరు చప్పుడు వినగానే నూనె పోసి, అది మానగానే తృప్తి పొందుదురు. అరిగిన త్రాటి చప్పుడు నూనెచే అణగునే గాని, త్రాడు బాగుపడదు. గాలివానలో భారము హెచ్చినప్పుడది తెగి, పడవ వశము తప్పి రాళ్లను తాకవచ్చును. కావున ఆపత్కాలపు పిడి యెచ్చట నున్నదో పడవలోని ప్రతివారును ఎరిగియుండవలయును.

విద్యార్థులారా! మీ యింటి బావిగిలకయో, సైకిలో కీచుమన్నప్పుడును ఈ పద్ధతినే అవలంబింపుడు. ఒక్కొక్క భాగమును విడదీసి చూచి, చప్పుడు పుట్టుచోటును నిశ్చయించిన పిమ్మటనే నూనెగిన్నెను చేతబట్టుడు.